స్టీలు డబ్బాలో చప్పట్లు

మేడ్చల్ హైవే మీద టైల్స్ షాపు పైన రెండో అంతస్తులో ఒక చిన్న కంపెనీ ఉంది. అక్కడ టీ మిషన్ పక్కన గోడకి ఒక మేకు ఉంది. కాన్ఫరెన్సుకి వెళ్ళొచ్చినవాళ్ళు మెడలో వేసుకున్న బ్యాడ్జీని తెచ్చి ఆ మేకుకి తగిలించడం అక్కడి ఆనవాయితీ. ఇప్పటికి పదకొండు వేలాడుతున్నాయి. పదకొండింటి మీదా హేమచంద్ పేరే. సుప్రజ రోజుకి రెండుసార్లు టీ తాగుతుంది కాబట్టి, రోజుకి రెండుసార్లు వాటిని లెక్కపెడుతుంది. ఎప్పుడు పన్నెండవుతాయోనని ఆమె భయం.

తొమ్మిదేళ్ళుగా ఆమె అక్కడ వెబ్‌సైట్లు తయారుచేస్తోంది. పని బాగా వచ్చు. అదే ఆమె కొంప ముంచింది. ఏ కాన్ఫరెన్సు వచ్చినా సరిగ్గా అదే వారం ఏదో ఒక సైటు జనంలోకి వెళ్ళాల్సి ఉంటుంది. "నువ్వు లేకపోతే పని నడవదమ్మా," అంటాడు యజమాని జోగారావు, బిరుదేదో ఇస్తున్నట్టు. హేమచంద్ లేకపోయినా పని నడుస్తుంది కాబట్టి హేమచంద్ వెళ్ళొస్తాడు.

వచ్చాక సోమవారం నాడు తెచ్చినవన్నీ బల్ల మీద పరుస్తాడు. స్టిక్కర్లు, నీళ్ళ సీసాలు, పెన్నులు. సుప్రజకి ప్రతిసారీ ఒక టీషర్టు ఇస్తాడు, ఆమెలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత సైజుది. ఇంట్లో అత్తగారు పద్మజ వాటితో ఫ్యాన్లు తుడుస్తుంది. "గుడ్డ మాత్రం మంచిదే," అని మెచ్చుకుంటుంది కూడా.

సుప్రజకి కుళ్ళు. ఇందులో దాచడానికేం లేదు. "ఏముంటుంది అత్తయ్యా అక్కడ? ప్లేట్లు పట్టుకుని నిలబడి ఒకళ్ళ గొప్ప ఒకళ్ళకి చెప్పుకోవడం, మధ్యమధ్యలో ఫొటోలు," అంటుంది. అని, ఆ ఉపన్యాసాలన్నీ ఫోన్‌లో ఒక్కటి వదలకుండా చూస్తుంది. చివర్లో జనం అడిగే ప్రశ్నలు కూడా చూస్తుంది. ఆ ప్రశ్నలకి తనైతే ఇంకా మంచి జవాబు చెప్పేదాన్నని కూర తరుగుతూ చెప్పి చూపిస్తుంది.

ఈసారి హేమచంద్ మాట్లాడింది ఆమె చేసిన సైటు గురించే. పల్లె దవాఖానల్లో ఏ రోజు డాక్టరుంటాడో చెప్పే సైటు అది. సిగ్నల్ అందీ అందని చోట కూడా చటుక్కున తెరుచుకుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం సుప్రజ లైవ్‌లో చూస్తూ కూర్చుంది. హేమచంద్ పేజీని తెర మీద చూపించాడు. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఒక్కటే మాట: ఈ రోజు డాక్టరు ఉన్నారు. బొమ్మలూ మిగతావీ తర్వాతెప్పుడో వస్తాయి. అది చూసి హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. మూడొందలమంది. హేమచంద్ తల వంచి నమస్కారం పెట్టాడు. సుప్రజకి పళ్ళు నూరీ నూరీ దవడ నొప్పి పుట్టింది.

అయితే చప్పట్ల సంగతి అందరికీ తెలిసిందే. వేదిక మీదున్నవాళ్ళవే అయితే అక్కడే ఉండిపోతాయి. కాకపోతే హాల్లోంచి బయటపడి సొంతదారుని వెతుక్కుంటూ బయల్దేరతాయి. నడక నెమ్మది. నగరం నడిబొడ్డు నుంచి ఇటు రావడానికి ఒక రోజు పడుతుంది, సుచిత్ర దగ్గర ట్రాఫిక్కుంటే ఇంకాస్త ఆలస్యం. ఇంట్లో మనిషి లేకపోతే పక్కింటివాళ్ళు కొరియర్ తీసుకున్నట్టే మూతున్న డబ్బాలోకి పట్టి ఉంచుతారు. ఒక్కటే చిక్కు. డబ్బాలో పడ్డాక వాటికి దారి తెలియదు. మూత ఎవరు తీస్తే వాళ్ళవైపోతాయి. పోయినేడు శామీర్‌పేటలో ఒక పెళ్ళిమండపం చూసి అలంకరణ కంపెనీ ఓనరుకి కొట్టిన చప్పట్లు, మర్నాడు బహదూర్‌పల్లిలో సుప్రజ వాళ్ళ కాలనీ వాచ్‌మన్ భార్యకి వచ్చాయి. బంతిపూలు గుచ్చింది ఆవిడే మరి.

జోగారావు కూడా లైవ్ చూశాడు. చప్పట్లు హేమచంద్ దగ్గర ఆగకుండా తలుపులోంచి పోవడం ఆయన కంట పడింది. "రేపు ఎవరింటికి చేరతాయో వాళ్ళే ఇక టీమ్ లీడ్. డిసెంబరులో బెంగళూరు కాన్ఫరెన్సులో మాట్లాడేదీ వాళ్ళే," అన్నాడు అందరి ముందూ. అని సుప్రజ వైపు చూసి నవ్వాడు.

ఆ శనివారం నాలుగింటికి దవాఖానల సైటులోకి కొత్త మార్పులు ఎక్కించాలి. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సుప్రజ ఆ పని ఇంకొకళ్ళకి అప్పగించింది. ఆ ఇంకొకళ్ళు ఫర్హత్. గౌడవెల్లి నుంచి వచ్చే కాంట్రాక్టు అమ్మాయి. పేజీలు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూసి తప్పులు పట్టడం ఆమె పని. కాంట్రాక్టువాళ్ళకి అక్కడ సొంత లాగిన్ ఇవ్వరు. ఫర్హత్ సుప్రజ లాగిన్‌లోనే పనిచేస్తుంది. అందుకని ఆమె ఏం చేసినా సుప్రజ చేసినట్టే నమోదవుతుంది. నెలాఖరుకి కాంట్రాక్టు ముగుస్తుంది. కొనసాగించమని ఒక ముక్క రాయాల్సింది సుప్రజే. రాయాలి, రాయాలి అనుకుంటూనే ఉంది.

"నేను ఇంటి దగ్గరుండాలి ఫర్హత్. నువ్వు ఎక్కించేస్తావు కదా?"

"చప్పట్లొస్తున్నయి గదా మేడం? మీరు జల్దీ పోండ్రి. గీడ నేను చూస్కుంట."

సుప్రజ ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చుంది. పద్మజ మిక్చరు డబ్బా ఖాళీ చేసి, కడిగి, తుడిచి పక్కన పెట్టింది.

"ఇది సరిపోతుందంటావా? మూడొందలమంది అన్నావు. జంతికల డబ్బా కూడా కడగనా?"

"సర్దుకుంటాయిలెండి అత్తయ్యా."

"నీళ్ళుగానీ చల్లాలా గుమ్మంలో?"

"అక్కర్లేదు. తలుపు తీసుంటే చాలు."

ఐదున్నరకి వచ్చాయి. పావురాల గుంపు ఒక్కసారి లేచినట్టు చప్పుడు. కాలనీ గేటు దాటి, సుప్రజ వాళ్ళ బ్లాకు ముందుకొచ్చాయి. సుప్రజ లేచి చీర సర్దుకుంది. అవి బాల్కనీ ముందునుంచే ఆగకుండా గండిమైసమ్మ వైపు తిరిగాయి.

"వేరే బ్లాకనుకున్నాయేమో," అంది పద్మజ. "ఎదురెళ్ళు. కాస్త కనబడితే గుర్తుపడతాయి."

సుప్రజ డబ్బా పట్టుకుని కిందికి పరిగెత్తి స్కూటీ తీసింది. గండిమైసమ్మ చౌరస్తా దాటాయి. మేడ్చల్ హైవే దాటాయి. కొంపల్లిలోని హేమచంద్ ఇంటి వైపు తిరగనందుకు ఆమె ముందు సంతోషించింది. మరి ఎవరివి? తనవి కాకుండా పోవడానికి ఇంకెవరున్నారక్కడ? రైలు గేటు దాటి గౌడవెల్లిలోకి మలుపు తిరిగేసరికి ఆమెకి తెలిసిపోయింది. తెలిసినందుకు ఒళ్ళు మండిపోయింది.

చప్పట్లు ఒక నీలంరంగు తలుపు ముందు ఆగాయి. తలుపుకి తాళం ఉంది. అవి గడప దగ్గర తచ్చాడుతున్నాయి, అడ్రసు సరిగ్గానే చూసుకొచ్చి ఇంట్లో ఎవరూ లేక నిలబడిపోయిన చుట్టాల్లాగా.

పక్కింటి వాకిట్లో గిన్నెలు తోముతున్న వినోద తలెత్తింది.

"ఎవ్వరు లేరక్కా. ఫర్హత్ వాళ్ళమ్మ రుఖియమ్మ చెల్లెలింటికి శామీర్‌పేట పోయింది. ఫర్హత్ ఆఫీసుల్నే ఉన్నది, ఏందో పనున్నదంట ఇయ్యాల." వినోద చూపు సుప్రజ మెడలోని ఆఫీసు కార్డు మీద పడింది. "నువ్వు ఆమె ఆఫీసు మేడమే గదా? డబ్బా సుత తెచ్చుకున్నవు. నువ్వే పట్కపోయి ఇయ్యరాదు. నేను పెట్టుకుంటే మా పోరలు మూత తీస్తరు."

సుప్రజ డబ్బా తెరిచి పట్టుకుంది. మూడొందలమంది చప్పట్లు గోలచేయకుండా ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. మూత పెట్టింది. డబ్బా గోరువెచ్చగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు నెలల కింద ఫర్హత్ ప్రతి ఆదివారం తన తల్లి పాత ఫోన్ తీసుకుని శామీర్‌పేట చెరువు కట్ట మీదికెళ్ళి, సిగ్నల్ లేని చోట కూర్చుని ఆ పేజీ తెరిచి చూసేది. తెరుచుకోలేదు, తెరుచుకోలేదు అని రాసిపంపేది. ఒక సోమవారం వచ్చి, "బొమ్మలు ఎన్కకు పెడదాం మేడం. డాక్టరున్నడా లేడా, గదొక్కటే ముందుగాల రావాలె. మా అమ్మకు గంతే కావాలె," అంది. తప్పులు పట్టడం వరకే నీ పని, సలహాలివ్వడం కాదు అని సుప్రజ కసిరింది. పది రోజుల తర్వాత అచ్చం అలాగే చేసింది. అది తన ఆలోచనే అని మనస్ఫూర్తిగా నమ్మింది కూడా. నమోదులోనూ సుప్రజ అనే ఉంది.

తిరిగొచ్చేసరికి రైలు గేటు పడింది. స్కూటీ ఆపి డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు మూత అంచు మీదికి దానంతటదే పోయింది. ఒకసారి తీశాక వినోద చెప్పినా ఎవరేం చేస్తారు? ఫర్హత్‌కి చప్పట్లు రావాల్సి ఉన్నాయనే తెలియదు. పేజీని తేలిక చేసింది మాత్రం తను కాదా? తొమ్మిదేళ్ళు!

ఫోన్ మోగింది. జోగారావు.

"ఏమ్మా, వచ్చాయా?"

"వచ్చాయి సార్."

"అనుకున్నా. మీ ఇంటికే కదా?"

అప్పుడే గూడ్సు బండి వచ్చింది. "ఒక్క నిమిషం సార్, రైలు," అంది. పెట్టెలు ఒకటొకటే పోతున్నాయి. హేమచంద్ తన పేరు మింగేశాడని ఇన్నేళ్ళూ కడుపు మంట. తన పేరు కింద ఇంకో పేరు పడుందని ఒక్కనాడూ తోచలేదు. ఫర్హత్ మీద ఆమెకి జాలి కలగలేదు. కలిగుంటే పని తేలికయ్యేది. కలిగింది కుళ్ళే, హేమచంద్ మీద ఉన్నదానికంటే ఎక్కువ. ఎందుకంటే హేమచంద్‌కి ఆ ఒక్క మాట ముందు పెట్టాలని ఈ జన్మలో తోచేది కాదు. తనకీ తోచలేదు. ఆ పిల్లకి తోచింది.

బండి పోయింది, గేటు లేచింది. పట్టాలకి అవతల షేర్ ఆటో దిగి ఫర్హత్ వస్తోంది. సుప్రజని చూసి దూరంనుంచే చెయ్యి ఊపింది.

"మార్పులన్నీ ఎక్కినయి మేడం, మంచిగ నడుస్తాంది. మీరేంది గీడ? చప్పట్లొచ్చినయా?"

ఆ పిల్ల మొహంలో సంతోషం అబద్ధం కాదు. సుప్రజకి అది ఇంకా కష్టంగా ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"గౌడవెల్లికి వచ్చాయి సార్. ఫర్హత్ ఇంటికి."

"కాంట్రాక్టు అమ్మాయికా?" అన్నాడు జోగారావు. "మరి బెంగళూరు?"

"మాటిచ్చింది మీరే కదా సార్. సోమవారం ఆమె పేరు మీద లాగిన్ ఇప్పించండి. ముందు అది కావాలి," అని పెట్టేసింది.

డబ్బా ఫర్హత్ చేతిలో పెట్టింది.

"గిదేంది మేడం?"

"డాక్టరున్నాడా లేడా, అది ముందు రావాలన్నది ఎవరు?"

"నేనే. మీరు కోపం జేసిండ్రు."

"ఆఁ. మూత తియ్యి."

ఫర్హత్ తీసింది. మూడొందలమంది చప్పట్లు ఒక్కసారిగా పైకి లేచి ఆ పిల్ల చుట్టూ మోగాయి. ఆటోవాళ్ళు ఒకసారి చూసి, ఎవరికో వచ్చాయనుకుని తమ దారిన పోయారు. ఫర్హత్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. చున్నీ రెపరెపలాడుతోంది.

సుప్రజ కడుపు భగ్గున మండుతోంది. ఇలాంటి చప్పుడు మధ్యలో తను నిలబడాలని ఎన్ని సాయంత్రాలు అనుకుందో. మండుతుండగానే ఆమె చేతులు లేచాయి. కొట్టాలనుకుని కొట్టలేదు, కానీ కొట్టింది. అరచేతులు ఎర్రబడేదాకా కొట్టింది.

ఆమె కొట్టిన చప్పట్లు ఎక్కడికీ బయల్దేరలేదు. ఫర్హత్ దగ్గరే ఆగిపోయాయి.