నిలవని బిట్

చంద్రపూర్‌లో బొగ్గు గనుల మ్యాపులు గీసే ఒక చిన్న కంపెనీలో దత్తు సర్వర్లు చూసుకునేవాడు. పెళ్లయ్యాక భార్య స్వప్నకు ఆ సర్వర్లను నడిపే లినక్స్ నేర్పింది అతనే. ఆమె అదే ఆఫీసులో చేరి, ఏడాది తిరక్కుండానే కొత్త సర్వర్ బాధ్యత అందుకుంది. మేనేజర్ అనంతరావు ప్రతిదానికీ "స్వప్న మేడమ్‌ని అడుగుండ్రి" అంటుంటే దత్తుకు తిన్నది ఒంటబట్టేది కాదు.

ఒక సాయంత్రం స్వప్న ల్యాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టింది. గని పేరు ఇస్తే దానికో డైరెక్టరీ, అంటే ఫైళ్లు దాచే ఫోల్డరు, తయారుచేసే ప్రోగ్రాం రాసింది. అందులో ఎవరు ఫైలు పెట్టినా అది సర్వేయర్లందరి ఉమ్మడి గ్రూపుకే చెందాలి. ఘుగ్గుస్ గని వాళ్లు పెట్టింది మాజ్రి గని వాళ్లూ దిద్దగలగాలి. అందుకు డైరెక్టరీకి సెట్‌జీఐడీ అనే ప్రత్యేక బిట్, ఒక గుర్తులాంటిది, కావాలి. స్వప్న దాన్ని డైరెక్టరీ పుట్టించే ఆదేశంలోనే, మామూలు పర్మిషన్లతో కలిపి రాసేసింది.

"ఒక్కసారి చూడరాదూ? రేపటి నుంచే పెడ్తున్నం."

దత్తు చూడగానే తప్పు పట్టేశాడు. అక్కడ ఇస్తే ఆ బిట్‌ను లినక్స్ పట్టించుకోదు. ఎర్రర్ కూడా చూపించదు. డైరెక్టరీ తయారయ్యాక విడిగా పెట్టాలి. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"మంచిగనే ఉంది," అన్నాడు.

మర్నాడు ఘుగ్గుస్ వాళ్ల ఫైళ్లను మాజ్రి సర్వేయర్లు దిద్దలేకపోయారు. ఫోన్ల మీద ఫోన్లు. పక్క గదిలో దత్తు, ఆమె తనను ఎప్పుడు పిలుస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆమె పిలవలేదు. భోజనాల వేళకు తనే సరిచేసింది. పైగా అనంతరావు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఇంటికి వెళ్తుంటే బండి వెనక నుంచి స్వప్న ఉత్సాహంగా చెప్పింది. "డైరెక్టరీ చేసేటప్పుడే ఇస్తే ఆ బిట్ నిలవదంట! అయినంక మళ్ల పెట్టాలె. గీ సంగతి ఎవ్వరికీ తెల్వదు."

"తెల్వకేంది? నాకెప్పుడో తెల్సు," అనేశాడు దత్తు.

అతని భుజం మీది చేయి మెల్లగా తప్పుకుంది.

"నిన్న చూసినప్పుడు గూడ తెల్సా?"

దత్తు బండి వేగం పెంచాడు.

"నేను నవ్వులపాలైతే నీకేమొస్తుండె?"

"అందరు నీ పేరే తీస్తున్నరు," అన్నాడు చివరికి. "నాకు కండ్లు మండుతున్నయ్."

స్వప్న గొడవ పెట్టుకోలేదు. కానీ ఆనాటి నుంచి ఏం రాసినా నాగ్‌పూర్‌లో ఉన్న స్నేహితురాలు ప్రజ్ఞకే పంపి చూపించుకుంటోంది. ఇద్దరూ ఫోన్లో తప్పులు వెతుక్కుంటూ నవ్వుకుంటుంటే, దత్తుకు ఇప్పుడు ప్రజ్ఞ మీద కూడా కడుపు మండుతోంది.