వీపున బిడ్డతో ఐదో తరగతి

నూటపది మంది పిల్లలున్న ఐదో తరగతిలో ఒకరు రాకపోతే తెలిసేది కాదు. కానీ తియామికే రాకపోతే సిస్టర్ జెసింతకు వెంటనే తెలిసేది. లెక్క బోర్డు మీద పూర్తయ్యేలోగా జవాబు చెప్పేసే పిల్ల ఆ గదిలో ఆమె ఒక్కతే.

మూడోరోజు కూడా ఆ చోటు ఖాళీగా ఉంటే అడిగింది. "తమ్ముణ్ణి వీపున కట్టుకుని వస్తోంది సిస్టర్. హెడ్‌మాస్టరు ఇంటికి పంపేశారు" అన్నారు పిల్లలు.

జెసింత కేరళ నుంచి మలావీ వచ్చి నాలుగేళ్లయింది. సరస్సు ఒడ్డునున్న ఆ ఊరి భాష ఇప్పుడిప్పుడే నోటికి పడుతోంది. బడి వదిలాక నేరుగా హెడ్‌మాస్టరు న్యోండో గదికి వెళ్లింది.

"చంటిపిల్లలు ఏడిస్తే పాఠం ఎవరికి వినపడుతుంది సిస్టర్?" అన్నాడాయన. "ఇవాళ ఒకణ్ణి రానిస్తే వచ్చేవారం ఇరవైమంది తయారవుతారు."

జెసింత అక్కణ్ణుంచి ఒడ్డుకు నడిచింది. తియామికే తల్లి దక్షిణాన తేయాకు తోటల్లో పనికి పోయింది. పిల్లలిద్దరూ అమ్మమ్మ నాచిసాలే దగ్గరుంటున్నారు. ఆమె రెల్లు తడకల మీద ఉసిపా అనే చిన్నచేపలు పరుస్తోంది. పక్కన తియామికే, వీపున ఏడాదిన్నర తమ్ముడు మవుతో.

"దీన్ని బడికి పంపు అవ్వా" అంది జెసింత.

"పంపితే మీ మాస్టారే తిప్పి పంపాడు. వీణ్ణి నేనెత్తుకుని కూర్చుంటే ఈ చేపలు నువ్వు ఆరబెడతావా?"

"నాకు రాదు."

"బిడ్డను మోయడం వచ్చా? పెళ్లీ లేదు, పిల్లా లేదు. నీకేం తెలుస్తుందిలే సిస్టర్" అంది అవ్వ, చేపల మీద నుంచి చూపు తిప్పకుండానే.

పంతొమ్మిదో ఏట కాన్వెంటులో చేరినప్పటి నుంచీ ఆ మాట జెసింత చాలాసార్లు విన్నది. అయినా ఈసారి గట్టిగా తగిలింది. దారంతా ఉడుక్కుంటూనే నడిచింది. అవ్వ అన్నదాంట్లో అబద్ధం లేదని కూడా ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే గుడ్డ ఒకటి పట్టుకుని మళ్లీ వెళ్లింది. "వాణ్ణి నాకియ్యి. తియామికే చదువుకుంటుంది, వీడు నా వీపున ఉంటాడు."

ఒడ్డున ఉన్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. ఆమె కట్టిన కట్టుకి మవుతో రెండడుగులకే నడుం కిందికి జారాడు. అందరూ పడీపడీ నవ్వారు.

"అది మొక్కజొన్న బస్తా కాదు తల్లీ. ముందు వంగు" అని అవ్వ లేచి వచ్చింది. బిడ్డను వీపుకు బోర్లా ఆనించి, గుడ్డ చంకల కిందుగా తెచ్చి, ఎదమీద ముడి బిగించింది. "ఇప్పుడు పరుగెత్తినా పడడు. పరుగెత్తకు మాత్రం."

ఆ రోజు న్యోండో మాస్టారు ఐదో తరగతి కిటికీ దగ్గర ఆగిపోయాడు. "ఏమిటిది సిస్టర్?"

"తియామికే పిల్లాణ్ణి తేకూడదన్నారు కదా మాస్టారూ. అది తేలేదు. నేను తెచ్చాను."

తరగతంతా గొల్లుమంది. ఆయన వెళ్లిపోయాడు. కాసేపటికి భాగహారం నడుమ మవుతో ఆమె వీపంతా తడిపేశాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. జెసింత లెక్క పూర్తిచేసి, "శేషం ఎంత?" అని అడిగింది. తియామికే నవ్వాపుకోలేక మొదటిసారి జవాబు తప్పు చెప్పింది.

నాలుగురోజులు బాగానే గడిచాయి. అయిదోరోజు మవుతోకి దంతాలొస్తున్నాయేమో, పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు. ఊపినా ఆగలేదు, పాడినా ఆగలేదు. పాఠం సాగలేదు. తియామికే పుస్తకం మూసేసి తమ్ముణ్ణి తీసుకుంది. మధ్యాహ్నం న్యోండో మాస్టారు నెమ్మదిగానే అన్నాడు: "మీ మనసు మంచిదే సిస్టర్. కానీ ఇవాళ నూటపది మందికి చదువు పోయింది."

"నిజమే" అంది జెసింత.

నడుం పట్టేసి, కాళ్లీడ్చుకుంటూ ఒడ్డుకు వెళ్లి అవ్వ పక్కన ఇసుకలో చతికిలబడింది. "నావల్ల కావడం లేదు అవ్వా. ఏం చెయ్యాలో తోచడం లేదు."

అవ్వ చేతిలో చేపలు అలాగే ఉండిపోయాయి. కాన్వెంటువాళ్లు వచ్చి అది చెయ్యండి, ఇది చెయ్యండి అని చెప్పడమే గాని, తమకు చేతకాదని చెప్పగా ఆమె ఎన్నడూ వినలేదు. పక్క తడకల దగ్గరున్న ఇద్దరు ముసలమ్మలను కేకేసింది. ముగ్గురూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

"రోజుకొకరం బడి వరండాలో కూర్చుంటాం" అంది చివరికి. "చేపల పని మిగతా ఇద్దరూ చూస్తారు. అయితే మాకు నీడ కావాలి. కూర్చోడానికి చాప కావాలి. పిల్లలతోపాటు మాకూ జావ పొయ్యాలి. మీ మాస్టారితో చెప్పు."

ఆయన ఏమంటాడోనని బెరుగ్గానే చెప్పింది. న్యోండో మాస్టారు గడ్డం గోక్కుంటూ విన్నాడు. "వరండాలో ఎండ కొడుతుంది" అన్నాడు. మర్నాడు చొక్కా విప్పి, ఐదో తరగతి పక్కనే విరిగిన బల్లలు పడేసిన గదిని తనే ఊడ్చి ఖాళీచేశాడు.

వానలు మొదలయ్యేసరికి ఆ గదిలో తొమ్మిదిమంది చంటిపిల్లలయ్యారు. తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం చదువు మానేసిన ఆడపిల్లలు నలుగురు తిరిగి వచ్చారు. తియామికే వార్షిక పరీక్షలో బడికంతటికీ మొదట నిలిచింది. జెసింత వీపునొప్పి మాత్రం పూర్తిగా పోలేదు.

ఒక ముసురు పొద్దున జెసింత పాఠం చెబుతుంటే ఎస్నాతి వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల, రెండేళ్ల కింద బడి మానేసింది. తొమ్మిది నెలల బిడ్డ చంకలో ఉంది. ఆ బిడ్డ ఎస్నాతి కన్న బిడ్డే. లోపలికి రావడానికి సిగ్గుపడి, తడుస్తూ గడప అవతలే నిలబడింది. జెసింత సుద్దముక్క కిందపెట్టి వెళ్లబోయేలోగా పక్కగదిలోంచి అవ్వ గొంతు వినపడింది.

"అలా తడుస్తూ నిలబడతావేం? ఆ బిడ్డనిలా ఇచ్చి లోపలికి పో. పాఠం మొదలైంది."