తెల్ల చీటీల కుండీలు

టమాటా మొక్కలు పచ్చగా నవనవలాడుతుంటే చూసి నెత్తి కొట్టుకున్న మనిషి ప్రపంచంలో ఆ పరిశోధక విద్యార్థిని ఒక్కతే అయ్యుంటుంది.

షెడ్డులోని నలభై కుండీల మట్టిలోనూ చేజేతులా నులిపురుగులను వదిలింది ఆమే. కంటికి ఆనని ఆ పురుగులు వేళ్లలో దూరి బుడిపెలు కట్టిస్తాయి, మొక్క వాడిపోతుంది. పసుపు చీటీల కుండీలు ఇరవైకి బంతి ఆకుల కషాయం, తెల్ల చీటీలు ఇరవైకి ఉత్త నీళ్లు. నీళ్లవి ఎండితేనే కదా కషాయానికి విలువ! ఇప్పటికే రెండుసార్లు ప్రయోగం మట్టికొట్టుకుపోయింది. ఇదీ పోతే పట్టా మాట మరిచిపొమ్మని గైడు మొహం మీదే చెప్పాడు.

నెలన్నర శిక్షణకు వెళ్తూ, నీళ్లు, కషాయం పోసే పని మామగారికి అప్పగించింది. తిరిగొచ్చి చూస్తే ఇదీ వరస. తెల్ల చీటీ మొక్క ఒకటి పీకింది. వేళ్లు నున్నగా ఉన్నాయి.

"మామయ్యగారూ, వీటికేం పోశారు?"

"నీళ్లేనమ్మా. మొదటి వారం."

"తర్వాత?"

"తర్వాత పాపం తలలు వాల్చేశాయి. పక్కవాటికి మందు పోస్తూ వీటికి మొండిచెయ్యి చూపిస్తానా? నీ మందు అమోఘమమ్మా, మూడోనాటికల్లా లేచి నిలబడ్డాయి!"

"ఎంత పోశారు? ఎన్నిసార్లు?"

"చేతికొచ్చినంత. గుర్తొచ్చినప్పుడల్లా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పెద్దాయన కాబట్టి నోరు నొక్కుకుంది గానీ, ఎంతసేపని?

"అవి చావాలండీ! చావడమే వాటి పని! మందు పనిచేసిందని మీకు తెలుసు, నాకు తెలుసు. కాగితం మీద ఏం చూపించి ఏడవను?"

ఆయన బిక్కచచ్చిపోయాడు. మెల్లగా అన్నాడు. "నలభై ఏళ్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాను. మందు చేతిలో పెట్టుకుని రోగిని చూస్తూ కూర్చున్న రోజు లేదమ్మా."

గైడుకు ఫలితాలు చూపించడానికి గడువు ఇంకా యాభై రోజులుంది. మొక్క చావడానికి నలభై ఐదు చాలు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కేసుకుని, ఆమె ఖాళీ కుండీలు దింపడం మొదలుపెట్టింది.

"రేపే మళ్లీ నాటుతాను. ఈసారి తెల్లవాటికి నీళ్లు తప్ప చుక్క పోయనని ఒట్టు వేయండి."

ఆయన పచ్చటి మొక్కలకేసి చాలాసేపు చూశాడు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వేయలేనమ్మా. నన్ను ఇటు రానివ్వకు."

తనంతట తానే తాళం అప్పగించిన మనిషిని ఇంకేమని తిట్టాలి? ఆమె తాళంచెవి పట్టుకుని ఆ మట్టిలోనే కూలబడింది.