హెడ్డమ్మ పరీక్ష

మా అక్కకు పరీక్ష ఉందని తెలిసిన రోజునుంచి నాకు మనశ్శాంతి లేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషికి పరీక్షేమిటని అడక్కండి. పెట్టేది ప్రభుత్వం.

మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చి అక్కకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. అప్పటినుంచి సంక్షేమ శాఖవాళ్లు రోజూ పొద్దున్న రెండు గంటలు ఒక సహాయకురాలిని పంపుతున్నారు. ఠంచనుగా ఆరింటికి వస్తుంది కాబట్టి మేం ఆమెను ఆరుగంటలావిడ అంటాం. యాభై ఏళ్ల దిట్టమైన మనిషి. అక్కను లేపి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి వెళుతుంది. నేను దర్జీని. ఇన్నేళ్లు కత్తెర పట్టి నా మణికట్లు అరిగిపోయాయి. అక్కను ఎత్తడం మాట దేవుడెరుగు, నీళ్ల బిందె ఎత్తడమే గగనం. ఆరుగంటలావిడ రాకపోతే అక్క మంచానికి అతుక్కుపోవాలి, లేదా సర్కారు వృద్ధాశ్రమానికి వెళ్లాలి.

ఈ ఏడు కొత్త రూలు వచ్చింది. ఆఫీసరమ్మ ఇంటికొచ్చి ఇరవై పనులు చేయించి చూస్తుందట. లేవగలరా, నడవగలరా, తల దువ్వుకోగలరా, గుండీలు పెట్టుకోగలరా, ఇలాంటివి. పన్నెండు దాటి ‘చేయగలరు’ అని పడితే సహాయం బంద్. అంటే తప్పినవాళ్లే గెలిచినట్టు.

అక్కకు ఇది అర్థం కాక కాదు. ముప్ఫై అయిదేళ్లు బడి నడిపిన మనిషి. వీధంతా ఇప్పటికీ హెడ్డమ్మ అనే పిలుస్తుంది. పరీక్ష అనే మాట చెవినపడితే ఆవిడకు ఒళ్లు తెలియదు.

“ఏమే, నన్ను ఫెయిలవ్వమంటావా?” అంది.

“ఒక్కసారి ఫెయిలైతే కొంపలేం మునిగిపోవక్కా.”

“ముక్కూ మొహం తెలీని మనిషి ముందు చేతకాదని చెప్పాలా? నావల్ల కాదు.”

“హమ్మయ్య! ఆ ముక్కే ఆఫీసరమ్మతో అను, చాలు.”

అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఈలోగా ఇరవై ప్రశ్నలూ పెద్దక్షరాలతో రాయించి గోడకు అంటించింది, పక్కనే టైంటేబుల్. పొద్దున్న లేవడం, సాయంత్రం నడక, ఆదివారం రివిజన్. తర్ఫీదు ఇచ్చేదెవరనుకున్నారు? ఆరుగంటలావిడే! కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదేనమ్మా అంటే, “హెడ్డమ్మగారు చెప్పాక కాదంటే ఊరుకుంటారాండీ?” అని గొణిగింది. నిజమే. ఊరుకోదు.

చెబితే వినే ఘటం కాదని నేను నా దారి చూసుకున్నాను. పరీక్షకు వేసుకోవడానికి అక్క కొత్త గౌను కుట్టమంది. ముందువైపు తొమ్మిది గుండీలు. శ్రద్ధగా కుట్టాను. కాజాలు మాత్రం ఒక్కొక్కటీ ఓ రెండు కుట్లు ఇరుకు చేశాను. రెండు చేతులున్నవాళ్లకే చెమటలు పడతాయి. ఒక ప్రశ్నన్నా తప్పుతుంది కదా అని నా ఆశ.

ఆ రోజు ఆఫీసరమ్మ పదింటికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో ఫారాల అట్ట, మొహంలో ఎండ. అక్క కిటికీ పక్క మహారాణిలా కూర్చుని ఉంది. కుర్చీ కింద రెండు చెక్కలు పెట్టి ఎత్తు చేశారు, లేవడం సులువని. దువ్వెన చేతికందేలా ఉంది. మంచినీళ్లు సగం గ్లాసే పోసి ఉంచారు. ఆరుగంటలావిడ తన రెండు గంటలూ ఎప్పుడో అయిపోయినా ఇంటికి వెళ్లలేదు.

“లేవగలరా, టీచర్ గారూ?”

అక్క లేచింది. నడవగలరా అంటే తలుపుదాకా నడిచి కుర్చీ దగ్గరకు తిరిగొచ్చింది. వెనకాల గౌను నడికట్టు పట్టుకుని ఆరుగంటలావిడ నడుస్తున్న సంగతి ఆఫీసరమ్మ వైపునుంచి కనబడదు. ఒక్కో ప్రశ్నకూ టిక్కు పడుతుంటే అక్క మొహం వెలిగిపోతోంది, నేను వేళ్ల మీద లెక్క పెడుతున్నాను. పన్నెండు పడ్డాయి.

“గుండీలు పెట్టుకోగలరా?”

“చూడండి, పెట్టే ఉన్నాయిగా!” అని అక్క కుర్చీ పక్కన నిలబడే ఛాతీ విరుచుకుంది.

ఆఫీసరమ్మ పెన్ను దించబోయింది. ఇంకో టిక్కు పడితే అయిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“అవి పెట్టిందెవరో కూడా అడగండి! ఇది కాపీ!” అని అరిచాను.

ఆరుగంటలావిడ చటుక్కున నడికట్టు వదిలేసి తల దించుకుంది. అక్క కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ మాట అక్కకు ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. ఏడో తరగతిలో అక్కే నాకు లెక్కల టీచరు. పరీక్షకు నేను జాకెట్టు చేతి మడతలో చీటీ పెట్టి కుట్టుకుని వెళ్లాను. అక్క కుట్టు విప్పి, చీటీ తీసి, క్లాసు ముందే నా పేపరు మీద సున్నా వేసింది. సొంత చెల్లెలని కూడా చూడలేదు. యాభై రెండేళ్లయినా ఆ కడుపుమంట నాకు చల్లారలేదు. దాన్నే ఇప్పుడు ఆవిడ నెత్తిన వేశాను.

అక్క మెల్లగా కూర్చుంది. కళ్లలో నీళ్లున్నాయి.

“అది నిజమేనమ్మా. కాపీ కొట్టాను,” అంది ఆఫీసరమ్మతో. “ఆ పేపరు చింపెయ్యండి. రేపు పొద్దున్న ఆరింటికి, ఈవిడ నన్ను ముట్టుకోకముందు రండి. మళ్లీ రాస్తాను.”

ఆఫీసరమ్మ మంచిది. మర్నాడు ఆరింటికి నిజంగానే వచ్చింది. ఆరుగంటలావిడను గుమ్మం దగ్గర నిలబెట్టి, తను కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్క మంచం మీద, దిండుకు ఆనుకుని, భుజాల మీద కొత్త గౌను కప్పుకుని ఉంది. లేవలేకపోయింది. నడక సంగతి ఎవరూ ఎత్తలేదు. తల దువ్వుకుంది. నీళ్లు తాగింది. గుండీ దగ్గరకు వచ్చింది.

కుడిచేతి వేళ్లతో గుండీని పట్టుకుని కాజా దగ్గరకు తెస్తుంది, జారిపోతుంది. మళ్లీ తెస్తుంది. అయిదు నిమిషాలయ్యాయి. పెదవి కొరుక్కుంటోంది గాని ‘చేతకాదు’ అని మాత్రం అనదు. నేనింక చూడలేకపోయాను.

“అక్కా, కాజాలు ఇరుకు చేసింది నేనే. నువ్వు తప్పాలని.”

“తెలుసు. నీ కుట్టు నాకు తెలీదటే? వెళ్లి నా పాత గౌను పట్రా. పరీక్షంటే న్యాయంగా ఉండాలి.”

పాత గౌను కాజాలు వాడి వాడి వదులైపోయాయి. అయినా మొదటి గుండీకి పదకొండు నిమిషాలు పట్టింది. ఆఫీసరమ్మ గడియారం చూడటం మానేసి కిటికీ వైపు తిరిగింది. రెండో గుండీ సగంలో ఉండగా అక్క వేళ్లు వణకడం మొదలెట్టాయి. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది.

“చెయ్యి తియ్యవే,” అంది అక్క, తలెత్తకుండానే. “కాపీ అవుతుంది.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు.

అన్నీ అయ్యాక ఆఫీసరమ్మ సంతకం చేసి, ఆరుగంటలావిడ రోజూ మామూలుగానే వస్తుందని చెప్పింది. గుమ్మం దగ్గరనుంచి ఆవిడ పరుగున వచ్చి అక్కను లేపడానికి వంగింది.

అక్క చేత్తో ఆపింది. “ఉండు. ముందు మార్కులు చెప్పనీ.”

“నాలుగండీ,” అంది ఆఫీసరమ్మ మొహమాటంగా. “ఇరవైకి నాలుగు.”

అక్క ఆ అంకెను కాసేపు లోలోపల తూచుకుంది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో పాత క్లాసురూము కనబడింది.

“పర్లేదు,” అంది. “మా చెల్లెలికంటే నాలుగు ఎక్కువే.”