అంగట్లో తెరిచి పెట్టిన జాబు

చేపలు తోముతా ఉంటే మా ఆయన అంగట్లోంచి ఫోన్ చేసినాడు. చేతులనిండా పొలుసు. మోచేత్తో స్పీకర్ నొక్కినాను. "ఇదో, రేపు టీకాల మీటింగు పదికి కాదంట, తొమ్మిదికంట. మీ మేడమ్ మెసేజి పెట్టింది, చూసుకున్నావా?" అన్నాడు. నాకొచ్చిన మెసేజి నాకంటే ముందు ఆయన చదివి నాకు చెప్పేవాడు. ఆరేళ్ళుగా ఇదే వరస. అందులో తప్పుండాదని నాకు ఒక్కనాడు గూడా తోచలేదంటే నవ్వుతారేమో, నవ్వండి.

నేను ఆత్మకూరులో ఆశా కార్యకర్తని. మా ఆయన మల్లికార్జునకు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. పనిలో చేరిన కొత్తలో రిపోర్టులు ప్రింటు తీయించేదానికి నేను అవస్థ పడతా ఉంటే, "ఆ ఫోన్ ఇట్లా తే" అని అంగట్లో కంప్యూటర్‌కి నా వాట్సాప్ కలిపినాడు. తెర మీదొచ్చిన స్కానర్‌కి ఫోన్ ఎదురుగా పట్టుకున్నది నేనే. మొగుడు సాయం చేస్తా ఉండాడని పొంగిపోయి ఆ పూట పూర్ణాలు గూడా వండినాను. అప్పట్నుంచి యూరియా మూటల పక్కన, కౌంటరు మీద, నాకొచ్చేవన్నీ తెరిచే ఉన్నాయి. సిమ్ము ఆయన పేరు మీద. బ్యాంకులో, ఆధార్‌లో ఇచ్చింది గూడా ఆయన నంబరే, నా పేరున ఏ ఓటీపీ వచ్చినా ఆయన ఫోన్‌కే. "నీకూ నాకూ మధ్య దాపరికం ఏంది?" అనేవాడు. మా అత్త ఇంకో మెట్టెక్కి, "దాచేదానికి నీ దగ్గర ఏముండాదమ్మా?" అనేది. నిజమే గదా, ఏముండాదని నేనూ అనుకునేదాన్ని. కూరేం చేయాల, ఎవురికి ఎన్నో నెల, ఎవురి బిడ్డకు జ్వరం. అవన్నీ వాళ్ళ సంగతులు, నావి కావని, నమ్మి నా దగ్గర పెట్టినవని నా బుర్రకెందుకు తట్టలేదో! మా అవ్వ పెంచిన పిల్లని గదా నేను.

మా అవ్వ వెంగమ్మది ఉదయగిరి పక్కన వరికుంటపాడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆమె దగ్గరే చదువుకున్నాను. మా వీధిలో ఆడోళ్ళకు చదువు రాదు. అమ్మగారింటికి జాబు రాయించుకోవాలంటే మగపిలకాయల దగ్గరికి పోలేక నా దగ్గరికొచ్చేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం, మగోళ్ళు చేలకు పోయినాక, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవాళ్ళం. నీలం ఇన్‌లాండు కవరు పీట మీద పరిచి, వాళ్ళు చెప్తా ఉంటే రాసేదాన్ని. కొందరు ఒక్క మాటన్నా చెప్పకముందే ఏడ్చేవాళ్ళు. "ఏడ్చినానని మాత్రం రాయబాకే" అని మళ్ళా వాళ్ళే నవ్వేవాళ్ళు. ఎంత బాగుండేవి ఆ మధ్యాహ్నాలు! రాసింది ఒకసారి చదివి వినిపించినాక, అవ్వ అన్నం మెతుకు నలిపి అంచులు అంటించేది. అప్పుడు నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, అది కరిగేదాకా ఎదురుగా కూర్చునేది. "బెల్లం మింగినావు గదా, మాట గూడా దాంతోపాటే మింగు" అనేది. జాబు రాసిన ప్రతిసారీ అంతే, బెల్లం లేకుండా లేచిందే లేదు. తాత వచ్చి "ఏం రాయించింది ఆ పిల్ల?" అని అడిగితే, "ఆడోళ్ళ జాబుతో నీకేం పనయ్యా? పోయి ఎనుముకు కుడితి పెట్టు" అని తోలేసేది.

ఒకామె మొగుడు బడి దోవలో నన్నాపి, బిస్కెట్ పొట్లం చూపించి, "మా ఇంటామె వాళ్ళమ్మకి ఏం రాయించింది పాపా?" అన్నాడు. క్రీము బిస్కెట్లు! నోరూరింది. అయినా తెలీదని చెప్పి పరిగెత్తినాను. ఇంటికొచ్చి చెప్తే అవ్వ నన్ను కరుచుకుని, "నా తల్లే, నా బంగారే" అని తల నిమిరింది. ఆమె చేతికి పసుపూ పొగా కలిసిన వాసన. మంచి ఆశా అని ఆస్పత్రిలో శాలువా కప్పిన రోజు గూడా నాకంత గొప్పగా అనిపించలేదు.

పోయిన నెల సంగతి. ఆ పిల్ల పేరు నవ్యశ్రీ అనుకోండి, అసలు పేరు చెప్పను. ఇద్దరు ఆడబిడ్డలు. మగపిల్లోడు పుట్టేదాకా కనాల్సిందేనని ఇంట్లో పోరు. ఒంట్లో రక్తం లేక పాలిపోయి ఉంటే నేనే తోడుపోయి మళ్ళా కాన్పు రాకుండా ఆస్పత్రిలో లూప్ వేయించినాను. ఊరంతా తెలిసిపోయింది గనక చెప్తున్నాను, లేకుంటే ఇదీ చెప్పేదాన్ని కాదు. "అక్కా, నడుము నొప్పిగా ఉండాది, లూప్ వేసినాక ఇట్లే ఉంటుందా? మా ఇంట్లో తెలియనీయబాక" అని మెసేజి పెట్టింది. నేను టీకాల డబ్బా పట్టుకుని ఎండలో తిరుగుతా ఉన్నాను. అది ముందు అంగట్లో తెర మీద పడింది. సాయంత్రం యూరియాకని ఆ పిల్ల మొగుడు వస్తే, మా ఆయన చెప్పేసినాడు.

"మగోడి బాధ మగోడికి తెలీదా? వాడు మోసపోతా ఉంటే చూస్తా ఊరుకోమంటావా?" అన్నాడు నేనడిగితే. అన్నం కలుపుకుంటా అన్నాడు. ఆయన మొహంలో తప్పు చేసిన జాడ లేదు, మంచి పని చేసిన తృప్తి ఉండాది.

మూడో నాడు నవ్యశ్రీ వచ్చింది. గడప దాటలేదు. లూప్ తీయించేసినారంట. చెంప వాచి ఉండాది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టినా బాగుండు. "అక్కా, నేను నీకు చెప్పినానా, మీ ఆయనకు చెప్పినానా?" అని అడిగి, బదులు కోసం నిలబడకుండా పోయింది.

సిగ్గుతో చచ్చిపోయినాను. నేను చెప్పలేదని ఏ మొహం పెట్టుకుని అనేది? పన్నెండేళ్ళప్పుడు క్రీము బిస్కెట్లకు లొంగనిదాన్ని, నలభై ఏళ్ళొచ్చినాక ఊరికే ప్రింటు తీసిచ్చినందుకు లొంగిపోయినాను.

తెల్లారి ఆధార్ కార్డు తీసుకుని మస్తాన్ సెల్లు అంగడికి పోయినాను. "నా పేరు మీద సిమ్ము కావాలన్నా" అన్నాను. "వేలు పెట్టక్కా" అన్నాడు. అంట్లు తోమీ తోమీ వేలి గీతలు అరిగిపోయినాయేమో, మూడుసార్లు పడలేదు. "తుడిచి పెట్టు" అన్నాడు. నాలుగోసారి పడింది. అంగడి కంప్యూటర్‌ని నా వాట్సాప్‌లోంచి తీసేయడం గూడా అక్కడే నేర్చుకున్నాను. రెండు నొక్కుళ్ళు, అంతే! ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి, కొత్త నంబరు కాగితం మీద రాసిచ్చి, "పాత దాంట్లో ఏమీ పెట్టబాకండి" అని చెప్పినాను. నవ్యశ్రీ కాగితం తీసుకోలేదు. కిటికీలో పెట్టి వచ్చినాను.

"నీది కంప్యూటర్లో రావడంలేదేంది? కొత్త నంబరంట, ఎంత?" అన్నాడు మా ఆయన.

"ఇయ్యను. మీకు పనుంటే పాత దానికి చెయ్యండి, అది మీ పేరు మీదే ఉండాది" అన్నాను. "మొగుడికి తెలియని నంబరు ఆడదానికి ఎందుకమ్మా?" అని మా అత్త శోకాలు. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం మూడు పూటలా తిన్నాడు.

కాగితం పెట్టొచ్చిన పన్నెండో రోజు మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తా ఉంటే కొత్త నంబరు మోగింది.

"అక్కా, నేను." నవ్యశ్రీ గొంతు. "పక్కన ఎవురున్నారు?"

"ఎవురూ లేరు."

"ఈ నంబరూ..."

"నాదేనమ్మా. నా ఒక్కదానిదే."

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినపడింది. తర్వాత మొదలుపెట్టింది. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి, పిట్టగోడ పక్కన కూర్చుని అరగంట విన్నాను.

ఏం చెప్పిందో మీకు గూడా చెప్పను.