ఈరమ్మకు చెప్పని మాట

కొత్వాల్‌గూడలో కొత్త టీకా ప్రయోగానికి మనుషులను ఒప్పించే పని ప్రేమావతిది. ఆ టీకా వేరే రకం. వేయించుకున్నవాళ్లను మలేరియా నుంచి కాపాడదు. వాళ్ల రక్తం తాగిన దోమ కడుపులో మలేరియా క్రిమి పెరగకుండా చేస్తుంది. ఇక ఆ దోమ ఇంకొకరికి జబ్బు అంటించలేదు.

ఇదంతా విడమరచి చెబితే మొదటి వారం ఎనిమిది ఇళ్లవాళ్లు వద్దన్నారు. "మాకు ఫాయిదా లేనప్పుడు మాకెందుకమ్మా?" అన్నారు.

తొమ్మిదో ఇల్లు ఈరమ్మది. విమానాశ్రయం తోటల్లో కలుపు తీస్తుంది. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయబోతూ అడిగింది.

"గీ సూది ఏసుకుంటె మలేరియా రాదు గద బిడ్డా?"

ప్రేమావతి కాగితం ఆమె ముందుకు జరిపింది. "మలేరియా సూదే అక్కా" అంది. అబద్ధమైతే కాదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ వారం ఇంకో పదకొండు మందికీ అదే మాట చెప్పింది.

వానలు పడ్డాక, సూది వేయించుకున్నాననే ధైర్యంతో ఈరమ్మ తన దోమతెరను కోడలికిచ్చి, తను బయట చాప మీద పడుకోసాగింది. జ్వరం వస్తే మామూలుదే అనుకుంది. నాలుగో రోజు స్పృహ తప్పితే కొడుకు మల్లేశ్వర్ దవాఖానకు తీసుకుపోయాడు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. బతికింది కానీ, చేతుల వణుకు మిగిలింది. కలుపు తీసే ఖుర్పీ పట్టలేకపోయింది.

ప్రేమావతి వెళ్లి మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పింది.

"ఇంట్ల ఇద్దరు మనుమలున్నరు" అంది ఈరమ్మ. "నా నుంచి వాళ్లకు రాదంటె ఏసుకోకపోదునా? గది నాకు సమజ్ కాదనుకున్నవా?"

ప్రేమావతి తల దించుకుంది.

"ఇంకెవరెవరికి గిట్ల చెప్పినవ్?"

"పదకొండు మందికి."

"ఇగ పో. పొయ్యి చెప్పు."

ఆ రోజే అన్ని ఇళ్లకూ వెళ్లింది. ఇద్దరు కాగితాలు వాపస్ ఇమ్మన్నారు. ఒకామె మొహం మీదే తలుపు వేసింది. శంకరయ్య అనే పెద్దాయన మాత్రం కూర్చోబెట్టి అంతా విని, "మొదలే చెప్తె అయిపోతుండె గద" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. ఉద్యోగం పోయింది. అందుకు ఆమె పెద్దగా బాధపడలేదు.

తర్వాత రెండుసార్లు ఈరమ్మను చూడబోయింది. రెండుసార్లూ పట్టపగలే. మల్లేశ్వర్ గడపలోనే నిలబడి, "అమ్మ పండుకుందక్కా" అన్నాడు. లోపల ఆమె మనుమలతో మాట్లాడుతున్న మాటలు వినబడుతూనే ఉన్నాయి.