క్యాలెండరులో హిల్డింగ్

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు రాసిన వైజ్ఞానిక కథలు మళ్ళీ వేస్తామని ప్రచురణకర్తలు అడిగారు. బుద్ధి లేక ఒప్పుకున్నాను. వారపత్రికలోంచి కత్తిరించిన పాత కాగితాలు వంటింటి బల్ల మీద పరుచుకుని చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అన్నింట్లోనూ ఒకటే తంతు. సముద్రం అడుగున దిగిన వేరే లోకపు జీవులు మనుషుల్ని ఒక్కొక్కరినే పట్టుకుపోతుంటాయి.

పేర్ల కోసం బుర్ర బద్దలు కొట్టుకునేదాన్ని కాదు. మా దేశంలో గోడ క్యాలెండర్లలో ప్రతి తేదీ కిందా ఒక పేరుంటుంది. ఆ పేరున్న వాళ్ళకి ఆ రోజు కాఫీ, కేకు. నేను కథ రాసిన రోజు ఏ పేరుంటే ఆ మనిషిని, కథలో అదే రోజున, మాయం చేసేదాన్ని.

రెండో కథలో ఆల్ఫ్‌హిల్డ్ అనే ఆవిడ తపాలా పెట్టె దాకా వెళ్ళి తిరిగి రాదు. అక్కడ ఒక బూటు దొరుకుతుంది. కథ అచ్చయిన పదేళ్ళకి మా పక్కింటి ఆల్ఫ్‌హిల్డ్ అచ్చం అలాగే మాయమైపోయింది. ఆ బూటు వాళ్ళాయనకి తెచ్చిచ్చింది నేనే. వాళ్ళ బల్ల మీద కోయని కేకు ఉంది. అప్పుడు నాకీ కథ గుర్తే రాలేదు. వారానికొకటి గీకి పారేసినవి ఎవరికి గుర్తుంటాయి?

మూడో కథ హిల్డింగ్‌ది. నా మొగుడి పేరు హిల్డింగ్. అది రాసేనాటికి అతనెవరో నాకు తెలియదు. కథలో అతను గడ్డకట్టిన సముద్రం మీద చేపలు పట్టడానికి వెళ్తాడు. చివరికి మంచులో గుండ్రటి కన్నం ఒక్కటే మిగులుతుంది. తొలిస్తే రాలే మంచు పొడి చుట్టూ ఉండదు, కింద నుంచి తెరిచినట్టు.

గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. హిల్డింగ్ పేరుకి ఇంకా ఎనిమిది రోజులుంది. ప్రాణం లేచొచ్చింది.

అతను మంచు తొలిచే బరమా భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటలా చూస్తున్నావ్, దెయ్యం పట్టినట్టు?"

"నా కథలో నువ్వు చచ్చావ్."

"అందులో కూడా వంట నీదేనా?"

"వేళాకోళం ఆపు. వచ్చే వారం నీ పేరు రోజున గడప దాటావో, కాళ్ళు విరగ్గొడతా."

"కేకుంటే నేనెందుకు కదుల్తాను? ఇవాళైతే వెళ్ళనీ."

"వెళ్ళు. చీకటి పడకుండా వచ్చెయ్."

ఫ్లాస్కులో కాఫీ నేనే పోసిచ్చాను.

అరగంట తర్వాత ఆ కథ ఆఖరి కాగితం తిరగేశాను. వెనక, రాసిన రోజు చింపిన క్యాలెండరు కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. హిల్డింగ్. తేదీ ఇవాళ్టిదే. తర్వాతెప్పుడో క్యాలెండరు పేర్ల జాబితా సవరించినప్పుడు కొన్ని పేర్లు అటూ ఇటూ జరిగాయి, అతనిది కూడా. నాకు తెలియనిది కాదు. కేకు పాత తేదీకే కావాలని అతను, కొత్త తేదీకే చేస్తానని నేను, రెండేళ్ళు పోట్లాడుకున్నాం. నేనే గెలిచాను.

కోటు లేకుండా పరిగెత్తాను. అడుగుజాడలు తిన్నగా గడ్డకట్టిన సముద్రం మీదికి వెళ్ళాయి. అతని మడత పీట ఉంది. ఫ్లాస్కు మూతలో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. బరమాకి తొడుగు కూడా తియ్యలేదు. పీట పక్కన గుండ్రటి కన్నం. మంచు పొడి లేదు.

కథలో హిల్డింగ్ భార్య ఏడవదు. నోరు మెదపకుండా నిలబడి సముద్రాన్ని చూస్తుంది. అలా రాస్తే గొప్పగా ఉంటుందనుకున్నాను. అప్పటికి మొగుడంటే ఏమిటో తెలియని పిల్లని. నేను మాత్రం మోకాళ్ళ మీద పడి, ఆ కన్నంలోకి తల వంచి, గొంతు చిరిగేలా అరిచాను.

"హిల్డింగ్, ఇంటికి రా! కేకు ఇవాళే చేస్తాను!"